గంపకింది కోడి, బోనులోని బావురుపిల్లి: రక్షణధర్మంపై ఒక పరిశీలన

పెరట్లో పెంచుకునే కోడిని రాత్రివేళ వచ్చి ఎత్తుకుపోయే జంతువును బోను పెట్టి పట్టవచ్చునా, పట్టిన తరువాత దాన్ని ఏం చేయాలి అన్న ప్రశ్న నీతిచర్చలకు ఎక్కదగినంత పెద్దదిగా పైకి కనిపించదు. కోడి చిన్నది, పిల్లి చిన్నది, నష్టం కూడా చిన్నదే. అయితే మన కథావాఙ్మయం ధర్మసూక్ష్మాన్ని విప్పవలసి వచ్చినప్పుడల్లా ఇటువంటి చిన్న ప్రాణుల దగ్గరకే వెళ్ళింది. పావురం, డేగ, కొక్కెర, ముంగిస, ఎలుక, పిల్లి లేకుండా భారతంలోని ధర్మచర్చ గాని, పంచతంత్రం గాని నడవవు. ఆ కథల్లో కొన్నింటిని కోనసీమ సముద్రతీరంలోని ఒక నిత్యసమస్య పక్కన పెట్టి చదవడం, ఆ చదువులో కథలూ సమస్యా ఒకదానినొకటి ఎలా సరిదిద్దుతాయో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

అల్లవరం మండలంలో, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉంది ఓడలరేవు. ఓడల రాకపోకలు ఇప్పుడు పేరులో మాత్రమే మిగిలాయి. ఒకవైపు సముద్రం, ఒకవైపు నది, నడుమ కొబ్బరితోటలు, సరుగుడు తోపులు, రొయ్యల చెరువులు, నదీముఖాన మడచెట్లు, వీటికి దగ్గరలోనే సముద్రగర్భం నుంచి వచ్చే వాయువు కోసం ఓఎన్‌జీసీ కట్టిన టెర్మినల్. ఇంత వైవిధ్యం ఇరుకు నేలలో కుదురుకున్నప్పుడు మనిషి పెరడుకూ అడవికీ మధ్య పొలిమేర అనేది ఉండదు. కొబ్బరిమట్టల దడి ఒక్కటే పొలిమేర. ఆ దడికి ఇవతల వెదురుగంప కింద పొదుగుకోడి ఉంటుంది. అవతల కళ్ళు మెరిసే జంతువొకటి ఉంటుంది.

ఆ జంతువు ఏది? ఈ ప్రశ్నను తేలికగా దాటిపోవడం వల్లనే మొదటి అన్యాయం మొదలవుతుంది. కోనసీమలో తెల్లవారి చూసేసరికి కోడి లేకపోతే అందరి నోటా వచ్చే మాట బావురుపిల్లి. కాని ఈ మాట ఒక్క జంతువుకు స్థిరంగా అంటుకుని లేదు. కొందరికి అది పొలాల్లో, రెల్లుదుబ్బుల్లో తిరిగే అడవిపిల్లి. కొందరికి మడ అడవుల్లో చేపలు పట్టి బతికే నీటిపిల్లి. ఇంకొందరికి ఇల్లు విడిచి అడవిపాలైన గండుపిల్లి కూడా బావురుపిల్లే. కొబ్బరిచెట్టు మీద, పెంకుటింటి అటక మీద కాపురముండే మానుపిల్లి, పొదల్లోని పునుగుపిల్లి, పగలు వచ్చే ముంగిస, సరుగుడు తోపుల్లో కూసే నక్క, కాళ్ళతో పిల్లలను తన్నుకుపోయే గద్ద, గుడ్లు మింగే పాము, ఇవన్నీ కోడికి శత్రువులే. వీటిలో పట్టించుకోని శత్రువు మరొకటుంది. అది వీధికుక్క. కుక్కకు ఊరితో చుట్టరికం ఉంది కాబట్టి దాని నేరం చాలాసార్లు ఊరికి చుట్టరికం లేని పిల్లి ఖాతాలో పడుతుంది.

ఆనవాళ్ళు చూసి నేరస్థుణ్ణి గుర్తించవచ్చునని అనుభవజ్ఞులు చెబుతారు. తల కొరికి మొండెం వదిలేసిందా, ఈకలు చెల్లాచెదరుగా ఉన్నాయా, గుడ్డు పెంకులు మిగిలాయా అని చూస్తారు. ఇసుకనేల కాబట్టి అడుగులూ పడతాయి. అయినా ఒక జంతువు చంపి వదిలినదాన్ని మరొకటి వచ్చి తినిపోవడం అరుదు కాదు. బోనుకు ఈ విచారణతో పని లేదు. ఎండుచేప వాసనకు ఏది ముందు వస్తే అది దొరుకుతుంది. దొరికినదే దొంగ అవుతుంది.

చిన్నయసూరి నీతిచంద్రిక (1853) చదివిన వారికి ఇక్కడ జరద్గవం గుర్తుకు రాక మానదు. చూపు పోయిన ముసలి గద్దకు చెట్టు మీది పక్షులు తమ ఆహారంలో కొంత పెట్టి పోషిస్తాయి. ప్రతిగా అది వాటి పిల్లలకు కాపలా ఉంటుంది. దీర్ఘకర్ణమనే పిల్లి మంచిమాటలతో ఆ చెట్టు తొర్రలో చోటు సంపాదించి, రోజుకొక పిల్లను తిని, పక్షులు వెతుకులాట మొదలుపెట్టగానే జారుకుంటుంది. తొర్రలో ఎముకలు చూసిన పక్షులు గద్దే తమ పిల్లలను తిన్నదని నిశ్చయించి దాన్ని చంపుతాయి. కులశీలాలు తెలియని వారికి చోటివ్వరాదన్నది ఈ కథకు సంప్రదాయం చెప్పుకున్న నీతి. అంటే తప్పంతా నమ్మిన గద్దదే. విచారణ లేకుండా చంపిన పక్షుల ప్రవర్తనను కథ గాని, కథను పాఠంగా చెప్పినవారు గాని ప్రశ్నించలేదు. బిడ్డలను పోగొట్టుకున్న దుఃఖం ఆ హత్యకు సమర్థనగా చాలునన్నట్టుగా కథ సాగిపోతుంది. పంచతంత్రంలోని అపరీక్షితకారకం ఈ లోటు తీర్చింది. ఉయ్యాలలోని పసిబిడ్డను పాము నుంచి కాపాడిన ముంగిస మూతికి నెత్తురు అంటి ఉండడం చూసి, బిడ్డనే చంపిందనుకుని దాన్ని చంపిన ఇంటివారు చివరికి ఏడుస్తారు. అక్కడ నింద చంపినవారిదే. రెండు కథల్లోనూ తీర్పుకు ఆధారం ఒక్కటే, సంఘటన స్థలంలో కనిపించిన రక్తమాంసాలు. బోను పెట్టేవారికి ఆ ఆధారం కూడా ఉండదు.

అయితే ఈ వాదం మీద ఎక్కువ బరువు మోపకూడదు. ఈ రోజుల్లో రాత్రిపూట బొమ్మ తీసే కెమెరా దొరుకుతుంది. వరుసగా మూడు రాత్రులు ఒకే అడవిపిల్లి వచ్చి గంప తిరగేసినట్టు సందేహం లేకుండా తేలిందనుకుందాం. అప్పుడు దాన్ని దండించవచ్చునా? పొరపాటు గుర్తింపు గురించిన కథలు ఇక్కడ మనకు తోడు రావు. అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

దొంగ అనే మాటలో దండనకు అర్హత ఇమిడి ఉంది. ఇది నాది కాదని తెలిసి తీసుకున్నవాడే దొంగ. గంపకింది కోడి ఒకరి సొత్తు అనీ, పొదలోని కంజు ఎవరి సొత్తూ కాదనీ తెలుసుకునే మార్గం పిల్లికి లేదు. ఆరణ్యపర్వంలో ధర్మవ్యాధుని కథ ఎక్కడ మొదలవుతుందో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోవాలి. చెట్టు నీడన వేదం వల్లిస్తున్న కౌశికుడి మీద కొక్కెర రెట్ట వేస్తుంది. ఆయన కోపంతో చూస్తాడు. అది చచ్చి పడుతుంది. వెంటనే ఆయనకు పశ్చాత్తాపం కలుగుతుంది. తెలుగులో ఎర్రన చేతుల మీదుగా మనకందిన ఈ ఉపాఖ్యానమంతా, పతివ్రత ఇంటి వాకిలి నుంచి మిథిలలోని మాంసపు దుకాణం దాకా, ఆ కొక్కెర చావు నుంచే పుట్టింది. కొక్కెరకు అవమానించాలన్న ఉద్దేశం లేదు. అవమానమంతా కౌశికుడి వైపే ఉంది. కోడిని పోగొట్టుకున్న మనిషి బోనులో చిక్కిన పిల్లిని కర్రతో పొడిచేటప్పుడు జరిగేదీ అదే. అక్కడ నష్టం నిజం, బాధ నిజం, నేరం మాత్రం కల్పితం.

కాబట్టి బోనును దండన అనే పేరుతో సమర్థించలేము. రక్షణ అనే పేరుతో సమర్థించవచ్చునేమో చూడాలి. రక్షణ అన్నప్పుడు మనకు శిబి కథకు మించిన చర్చావేదిక లేదు. ఆరణ్యపర్వపు సంస్కృత మూలంలో ఇది ఒకచోట ఉశీనరుడి పేర, మరొకచోట శిబి పేర కనిపిస్తుంది. తెలుగువారి మనసులో శిబిగానే నిలిచింది. ఈ కథను మనం త్యాగగాథగా చదువుతూ వచ్చాం. పాఠ్యపుస్తకాలు కూడా అలాగే నేర్పాయి. అందువల్ల డేగ చేసే వాదం మరుగున పడిపోయింది. పావురం నాకు విధి నిర్ణయించిన ఆహారం, దాన్ని నా నోటి నుంచి లాగి నీవు చేసే ధర్మం నన్నూ నామీద ఆధారపడిన ఆలుబిడ్డలనూ చంపుతుంది, ఒక ధర్మాన్ని చంపి నిలబడే ధర్మం ధర్మం కాదు అన్నది దాని తర్కసారం. రాజు ఈ వాదాన్ని ఖండించలేదు. నీవు దొంగవని గాని, క్రూరజంతువువని గాని అనలేదు. శరణన్న పావురాన్ని విడవనూలేదు. రెండు పక్షాలకూ న్యాయముందని ఒప్పుకున్నాక మిగిలిన ప్రశ్న ఒకటే, ఈ రక్షణకయ్యే ఖర్చు ఎవరు భరించాలి? కాపాడతానన్నవాడే భరించాలని శిబి తీర్మానించుకున్నాడు. త్రాసు ఉన్నది అందుకు. త్రాసును త్యాగానికి చిహ్నంగా కాక లెక్కకు చిహ్నంగా చదివితే కథ మన పెరటిలోకి వస్తుంది. కోడిని కాపాడడం నా బాధ్యత అయినప్పుడు ఆ బాధ్యత మూల్యాన్ని పిల్లి ప్రాణంతో చెల్లించడం త్రాసులో ఇంకొకరి మాంసం వేయడం వంటిది.

ఈ వాదాన్ని విశ్వవిద్యాలయంలో కూర్చుని రాయడం సులువు. శిబి రాజు. ఆయనకు కోయడానికి తొడ ఉంది, కోశం కూడా ఉంది. ఓడలరేవు వంటి ఊళ్ళో నాలుగైదు పెట్టలు పెంచుకునే ఇల్లాలికి ఏముంది? పెరటికోడి మన పల్లెల్లో ఆడవారి చేతిలోని ఆస్తి. పొలం పట్టా పురుషుడి పేర, పడవ పురుషుడి పేర ఉండే ఇంట్లో, ఎవరినీ అడగకుండా అమ్ముకోగలిగినవి గుడ్లూ కోళ్ళే. బడి పుస్తకాలకు, జ్వరం మాత్రలకు, పండగకు వచ్చిన అల్లుడి కూరకు అవే ఆధారం. పొదుగుకోడి ఇరవయ్యొక్క రోజులు లేవకుండా కూర్చుని లేపిన పిల్లలను ఒక్క రాత్రిలో పోగొట్టుకోవడమంటే ఆమెకు నెలల తరబడి పెట్టిన పెట్టుబడి పోవడం. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన వనరాజా వంటి రకాలు ఈ ఆదాయాన్ని పెంచడానికి వచ్చాయి. కాని బరువైన కోడి చెట్టెక్కి తప్పించుకోలేదు. ఆదాయం పెరిగిన కొద్దీ అపాయం కూడా పెరిగింది. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెతలో పిల్లిది చెలగాటమని నిర్ణయించింది ఎలుక పక్షాన ఉన్నవారు. ఇక్కడ ప్రాణసంకటం పిల్లికీ ఉంది, కోడికీ ఉంది, ఇల్లాలికీ ఉంది. చెలగాటం ఎవరిదో చెప్పడం కష్టం.

చట్టం ఈ సంకటాన్ని ఎలా చూసిందన్నది ధర్మచర్చకు బయటి విషయం కాదు. చట్టమూ ఒక కాలపు ధర్మనిర్ణయమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడంతో పాటు విషం పెట్టడం, ఉచ్చు వేయడం, బోను పెట్టడం, ఎర చూపడం, వీటిలో దేనికి ప్రయత్నించినా ఆ ప్రయత్నం, అన్నీ చేరి ఉన్నాయి. అంటే రక్షణ పొందిన జంతువు కోసం అనుమతి లేకుండా పెట్టిన బోనులో ఏదీ చిక్కకపోయినా అది వేటే. ఆత్మరక్షణ కోసం, ఇతరుల ప్రాణరక్షణ కోసం సద్భావంతో జంతువును చంపినా గాయపరిచినా నేరం కాదని అదే చట్టం పదకొండవ సెక్షన్ చెబుతుంది. ఆ ఇతరులు మనుషులే. కోడి ఆ మాటలోకి రాదు. ఆస్తికి అపాయకరంగా మారిన కొన్ని జంతువుల విషయంలో అధికారి అనుమతి ఇవ్వవచ్చు. మొదటి షెడ్యూలులోని వాటికి, నీటిపిల్లి వంటి వాటికి, ఆస్తినష్టం అన్న కారణం పనికిరాదు. వరి చేను తిన్న జంతువు గురించి దరఖాస్తు పెట్టే రైతు ఉంటాడు. మూడు పెట్టలు పోయాయని అటవీశాఖ కార్యాలయం మెట్లెక్కే మనిషిని ఊహించడం కష్టం.

ఇదే చట్టంలో 2022 సవరణ వరకు అయిదవ షెడ్యూలు ఒకటి ఉండేది. హానికర జంతువులన్న పేరుతో కాకి, గబ్బిలం, చుంచెలుక, ఎలుక అందులో ఉండేవి. వాటిని ఎవరైనా ఎలాగైనా చంపవచ్చు. సవరణ ఆ పట్టికను తీసివేసినా, ఫలానా జంతువును ఫలానా ప్రాంతంలో హానికరమని ప్రకటించే అధికారం కేంద్రానికి మిగిలే ఉంది. హానికర జంతువు అనేది జంతుశాస్త్రంలోని జాతి కాదు. మనం కట్టిన కులం. ఒకే ముంగిస పాము పడగ ముందు నిలిస్తే ఇంటి దేవత, కోడిపిల్లను పట్టుకుంటే పీడ. చెరకు తోటల్లో ఎలుకలను తింటుందని 1872లో మన దేశం నుంచి జమైకాకు, అక్కడి నుంచి 1883లో హవాయికి ఓడల మీద తీసుకువెళ్ళిన చిన్న ముంగిసలు ఎలుకలతో పాటు అక్కడి పక్షులనూ గుడ్లనూ తిన్నాయి. ఇప్పుడా ద్వీపాల్లో వాటిని బోనులు పెట్టి పడుతున్నారు. మన మిత్రశత్రు విభజన ముంగిసకు ఎవరూ చెప్పలేదు.

ధర్మవ్యాధుణ్ణి మళ్ళీ పిలవవలసిన అవసరం ఇక్కడ వస్తుంది. నాగలి సాగితే మట్టిలోని ఎన్నో ప్రాణులు చస్తాయి, గింజలోనూ జీవముంది, నడిచేవాడి కాలి కింద ప్రాణులున్నాయి, హింస చేయనివాడెవడు అన్నది ఆయన బోధలో ప్రసిద్ధమైన భాగం. దీన్ని బోను పెట్టేవారికి అనుకూలంగా వాడుకోవచ్చు. ఎలాగూ హింస తప్పదు గదా, ఇదీ ఒకటి అనవచ్చు. కాని తప్పని హింస ఉందని చెప్పడం వేరు, ఈ హింస తప్పనిది అని చెప్పడం వేరు. మొదటిదాని నుంచి రెండవది రాదు. నాగలి కిందపడ్డ పురుగును తప్పించి వ్యవసాయం చేసే దారి లేదు. పిల్లిని తప్పించి కోడిని పెంచే దారి ఉందో లేదో చూడకుండా ఆ మాట అనడానికి వీల్లేదు.

ఆ కథలో మనం సాధారణంగా దాటిపోయే వివరం మరొకటుంది. తాను స్వయంగా చంపననీ, ఇతరులు చంపినదాన్ని అమ్ముతాననీ వ్యాధుడు చెప్పుకుంటాడు. అంత జ్ఞాని కూడా చంపే చేతికీ తన చేతికీ మధ్య కొంత ఎడం పెట్టుకున్నాడు. గోదావరి డెల్టాలో ఎలుకలను పట్టడానికి వెదురు బుట్టలతో వచ్చేవారు ఉన్నారు. రైతు వారికి ఎలుకకు ఇంతని కూలి ఇస్తాడు. నక్కలను వేటాడడమే పేరుగా మారిన నక్కలవారు కోస్తాలో సంచారజీవులుగా తిరిగారు. ఊరికి బెడద అయిన జంతువును చంపిపెట్టినంత కాలం వారు అవసరమైనవారు. వేట నేరమయ్యాక నేరం వారిదయింది, వారిని పిలిచినవారిది కాలేదు. బావురుపిల్లి బోనులో పడ్డ తెల్లవారి ఇంటి యజమాని లోపలికి వెళ్ళిపోయి, ఏ కూలివాడినో పిలిపించి దాన్ని అటు తీసుకుపొమ్మనడంలో ఉన్నది అహింస కాదు. చేయి మారిన హింస. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని పిల్లి మీద సామెత కట్టిన మనం ఈ దృశ్యం మీద సామెత కట్టుకోలేదు.

చంపము, దూరంగా తీసుకువెళ్ళి వదిలేస్తాము అనే మధ్యేమార్గం చాలామంది మనసుకు నచ్చుతుంది. గోనెసంచిలో కట్టి నది దాటించి మడచెట్లలో వదిలితే పాపం అంటదన్నది లోకాభిప్రాయం. ఈ విషయంలో అమెరికా అనుభవం పనికివస్తుంది. అక్కడ పెరటికోళ్ళకు రకూన్ అనే జంతువు ఇక్కడి బావురుపిల్లి వంటిది. కళ్ళ చుట్టూ నల్లని పట్టీ ఉండడంతో దానికి ముసుగుదొంగ అన్న పేరూ వచ్చింది. దొంగ అనే మాట ఖండాలు దాటినా మారలేదు. దాని ముందరి పాదాలు చేతివేళ్ళ వంటివి, సాధారణమైన గడియలను తీయగలదు. దాన్ని పట్టి వేరొక చోట వదలడాన్ని మసాచుసెట్స్ రాష్ట్రం నిషేధించింది. కాలిఫోర్నియాలోనూ అనుమతి లేకుండా అలా చేయకూడదు. అయితే చంపాలి, లేకపోతే పట్టిన చోటే వదలాలి. ఈ నియమం వినడానికి కఠినంగా ఉంటుంది. దాని వెనుక అనుభవం ఉంది. 1970ల చివర వేట కోసం దక్షిణాది నుంచి తెచ్చి వదిలిన రకూన్ల వెంట రేబిస్ వ్యాధి అట్లాంటిక్ తీరపు మధ్యరాష్ట్రాలకు చేరి అక్కడి నుంచి విస్తరించింది. వ్యాధి మాట పక్కన పెట్టినా, తెలియని చోట వదిలిన జంతువుకు నీరెక్కడో, దాగే చోటెక్కడో, అప్పటికే ఆ నేలను ఏలుతున్న సజాతి జంతువు ఎక్కడ ఎదురవుతుందో తెలియదు. చాలావరకు అది మన కంటికి కనపడకుండా చస్తుంది. పట్టిన పిల్లి ఈనినదైతే కొబ్బరిమట్టల కుప్పలో దాని కూనలు మిగిలిపోతాయి. వదిలిరావడం వల్ల మిగిలే పుణ్యం వదిలినవారి మనశ్శాంతి. జంతువుకు అందులో వాటా లేదు. ఇక వైనతేయ ఆవలి ఒడ్డున కూడా పెరళ్ళున్నాయి, గంపలున్నాయి, ఇల్లాళ్ళున్నారు.

ఇంతవరకు కోడి పక్షాన నేను ఏమీ చెప్పలేదు. చెప్పవలసింది ఉంది, అది మనకు ఇబ్బంది కలిగించేది. రక్షణ ఎవరి కోసం? కోడి కోసమా, దాని యజమాని కోసమా? రాత్రి బావురుపిల్లి నుంచి కాపాడిన పుంజును కోనసీమలో ఎందుకు కాపాడతారో అందరికీ తెలుసు. డేగ, కాకి, నెమలి అని రంగును బట్టి పేరు పెట్టి, బాదంపప్పు తినిపించి, ఈత కొట్టించి, సంక్రాంతి నాడు కాలికి కత్తి కడతారు. జంతుహింస నివారణకు 1960లో వచ్చిన చట్టం ఉంది, కోర్టుల ఉత్తర్వులు ఉన్నాయి, బరులు మాత్రం ఏటా వెలుస్తాయి. పల్నాటి వీరచరిత్రలోని కోడిపోరు నుంచి తెలుగువారి చరిత్రలో కోడికి ఈ గతే ఉంది. పెట్టకు బరి లేదు, కూరచట్టి ఉంది. కోడి వైపు నుంచి చూస్తే పిల్లికీ మనిషికీ ఉన్న తేడా గడువులోనే ఉంది. మేము కోడిని కాపాడుతున్నాము కనుక పిల్లిని చంపుతున్నాము అనే వాక్యంలో మొదటి సగాన్ని జాగ్రత్తగా వాడాలి. కాపాడుతున్నది కోడి మీది మన హక్కును.

అయినంత మాత్రాన కోడి పట్ల బాధ్యత లేదని కాదు. నిజానికి బాధ్యత పుట్టే చోటు ఇక్కడే ఉంది. అడవికోడి ఎగురుతుంది, ఎత్తుకొమ్మ మీద పడుకుంటుంది, చప్పుడుకు లేస్తుంది. ఈ ఆత్మరక్షణ శక్తులను తరతరాల పెంపకంలో తగ్గించినది మనిషి. రాత్రి గంప కింద మూసి, పారిపోయే దారి కూడా లేకుండా చేసినది మనిషి. గంప తిరగబడే క్షణంలో కోడి ఉన్న నిస్సహాయత ప్రకృతిసిద్ధం కాదు, మనం కల్పించినది. ఒక ప్రాణిని నిస్సహాయం చేసినవారికి దాన్ని కాచే పూచీ ఉంటుందన్నది నా వాదం. పిల్లి వైపు కూడా ఇదే తర్కం నడుస్తుంది. మడచెట్లు నరికి రొయ్యల చెరువులు తవ్విన చోట, రెల్లుదుబ్బులు తీసి లేఅవుట్లు వేసిన చోట, దాని వేటనేలను కుదించి దడి దాకా తెచ్చినదీ మనుషులే. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులకు 1978 నుంచి అభయారణ్యం హోదా ఉంది. వైనతేయ ముఖాన ఉన్న మడతోపులకు అంత పెద్ద పేరు లేదు. రెండు ప్రాణుల ఇరుకునకూ కారకులు మనుషులే అయినప్పుడు ఒకదాని ఇరుకును రెండవదాని చావుతో తీర్చడం ఏ లెక్కకూ నిలవదు.

మరి చేయగలిగింది ఏమిటి? సమాధానం చప్పనిది. గట్టి గూడు. వెదురుగంప పగటి గద్దకు చాలుతుంది గాని రాత్రి పిల్లికి చాలదు. నేల నుంచి మోకాలెత్తున లేపిన చెక్కగూడు, అరంగుళం మించని కన్నుతో ఇనుప జాలీ, చుట్టూ మూరెడు లోతున నేలలోకి దింపిన అదే జాలీ, పాదంతో తోస్తే తెరుచుకోని గడియ, మునిమాపున తప్పకుండా మూయడం. కోళ్ళ దుకాణాల్లో అమ్మే పెద్ద కన్నుల వల కోడిని లోపల ఉంచుతుంది గాని ముంగిసను బయట ఉంచదు. ఓడలరేవు ఇసుకలో తవ్వడం మనిషికి ఎంత తేలికో నక్కకూ అంతే తేలిక. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి త్వరగా పొడి అవుతుంది, కాబట్టి జాలీని కొన్నేళ్ళకోసారి మార్చవలసి వస్తుంది. ఇన్ని చేసినా ఎప్పుడో ఒక రాత్రి ఒక జంతువు లోపలికి వస్తుంది. అటువంటి చోట, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక కూడా నష్టం ఆగని ఇంటివారి పక్షం నా దృష్టిలో బలమైనదే. వారు అధికారులను అడిగితే సహాయం అందాలి. కాని మన పెరళ్ళలో బోను చివరి ఉపాయంగా రావడం లేదు, మొదటి ఉపాయంగా వస్తోంది. ఎలుకల బోను నూరు రూపాయల పని, గూడు వేల రూపాయల పని కావడమే దీనికి కారణం గాని, పల్లెవారికి దయ లేకపోవడం కాదు.

కాబట్టి శిబి త్రాసు దగ్గరకు తిరిగి వచ్చి, దాని మీద ఎవరు ఏం వేస్తున్నారో చూడవలసి ఉంటుంది. అడవిపిల్లి ఆహారంలో అత్యధిక భాగం ఎలుకలేనని రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో జరిపి 2004లో ప్రచురించిన పరిశోధన చూపింది. కోనసీమ కొబ్బరికి ఎలుక ఎంత శత్రువో చెట్ల కింద రాలిన తొలిచిన పిందెలే చెబుతాయి. వరిగట్లలో పందికొక్కుల సంగతి చెప్పనక్కరలేదు. అంటే బావురుపిల్లి రాత్రంతా చేసే పనికి ఫలం తోట యజమానికి, పొలం యజమానికి చేరుతోంది. ఎలుకకు ఇంతని బుట్టలవాడికి ఇచ్చే కూలి వంటిది ఆయన పిల్లికి ఇవ్వనక్కరలేదు. ఆ కూలిని తోట గట్టున పాక వేసుకున్న ఇల్లాలు కోడిపిల్లల రూపంలో ఇస్తోంది. శిబి తన తొడ కోశాడు. ఇక్కడ కోతకు గురవుతున్న తొడ త్రాసు పట్టుకున్నవారిది కాదు. జంతువును కాపాడాలని చట్టం చేసిన రాజ్యమూ, జంతువు వల్ల లాభపడే భూమి యజమానీ పక్కన నిలబడి ఉంటే, ఖర్చంతా భూమి లేని మనిషి మీద పడుతోంది. అటువంటప్పుడు ఆమె బోను పెడితే, తప్పు పట్టే అర్హత ఎవరికుందన్నది నాకు ఇంకా తేలని విషయం. జాలీకీ, చెక్కకూ, గడియకూ అయ్యే సొమ్ము పంచాయతీ నుంచి వస్తుందా, డ్వాక్రా సంఘం అప్పుగా వస్తుందా, కొబ్బరి దింపు లెక్కలో చెట్టుకు ఇంతని తోటల వారి నుంచి వస్తుందా అన్నది ఆ ఊరి వారు కూర్చుని తేల్చుకోవలసిన లెక్క. ఆ లెక్కలో పాకల వారి పేర్లతో పాటు తోటల వారి పేర్లూ ఉండాలి.